మబ్బుకెక్కని ఫొటోలు

మా తమ్ముడి భార్య ముఖాలు దిద్దేది. నలభై ఏళ్ళపాటు అదే ఉద్యోగం. మా వీధిలో సగంమందికి ఆమె అసలు పేరు తెలియదు. "టచింగమ్మ ఇల్లెక్కడ?" అని అడిగితే మాత్రం మలుపులోని బేకరీ మనిషి తల ఎత్తకుండానే వేలు చూపిస్తాడు.

పందొమ్మిదో ఏట ఫొటో స్టూడియోలో చేరింది. చెప్పుల కొట్టు పక్కనున్న ఇరుకు మెట్లెక్కితే మూడు గదులు. ముందు గదిలో గిరాకీలు, మధ్య గదిలో లైట్లు, వెనక గదిలో ఆమె. ఆ గదికి కిటికీ ఉండేది కాని, దానికెప్పుడూ నల్లగుడ్డే. ఏటవాలు బల్ల, బల్ల మధ్యలో చిన్న గాజుపలక, దాని కింద బల్బు. పలక మీద నెగెటివ్ పెట్టి, భూతద్దంలోంచి చూస్తూ, గరుకు కాగితం మీద సూదిలా అరగదీసిన పెన్సిల్‌తో మచ్చల్ని పూడ్చడం ఆమె పని. స్టూడియోల్లో దాన్నే టచింగ్ అంటారు. నెగెటివ్‌లో అన్నీ తారుమారు. ముఖం మీది నల్లమచ్చ అక్కడ తేటగా, చిన్న చిల్లులా కనిపిస్తుంది. ఆ చిల్లుని చుక్క చుక్కగా నింపితే, కాగితం మీదికొచ్చేసరికి చర్మం శుభ్రం. ఒకసారి నన్ను పక్కన కూర్చోబెట్టుకుని చూపించింది. పది నిమిషాలు చూశాక మచ్చేదో మనిషేదో తేలక లేచి వచ్చేశాను.

మా తమ్ముణ్ణి కూడా ఆమె మొదట చూసింది అలాగే, తారుమారుగా. లైసెన్సు కోసం ఫొటో తీయించుకోవడానికి వెళ్ళాడు. ఆమె లోపలి గదిలో అతని మెడ మీదున్న మచ్చని పూడ్చేసి పంపింది. ఫొటో చేతికిచ్చేటప్పుడు బయటికొచ్చి, మనిషినీ మచ్చనీ చూసి నవ్విందట. "ఎందుకు నవ్వావు?" అని వీడడిగాడట. ఆ సంభాషణ తర్వాత ఏమైందో వాళ్ళిద్దరూ ఎప్పుడూ ఒకేలా చెప్పలేదు కాబట్టి నేనూ రాయను.

ఆ పనిలో ఒక సంగతి ఉంది. పెన్సిల్ పెట్టేది నెగెటివ్ మీదనే. దిద్దకముందుది అంటూ వేరే ఉండదు. తర్వాత కంప్యూటర్లు వచ్చి, పెన్సిల్ పోయి మౌసు వచ్చినా ఆమె చెయ్యి మారలేదు. ఫొటో తెరుస్తుంది, దిద్దుతుంది, అదే పేరుతో అక్కడే సేవ్ చేస్తుంది. స్టూడియో యజమాని మొత్తుకునేవాడు.

"అమ్మా, అసలుది ఒకటి పక్కన ఉంచమ్మా. రేపెవరైనా అడిగితే?"

"మచ్చలున్నది కావాలని ఎవరడుగుతారు సార్? ఒక మనిషికి రెండు మొహాలెందుకు?"

నిజంగానే ఆ నలభై ఏళ్ళలో ఒక్కరూ అడగలేదు.

స్టూడియో మూసేసినప్పుడు ఆ కంప్యూటరుని యజమాని ఆమెకే ఇచ్చేశాడు. రెండో అంతస్తులో వాళ్ళిల్లు, మూడో అంతస్తులో నాది. వాళ్ళ ముందుగది మూల, కిటికీ వెలుతురు తెర మీద పడకుండా బల్ల తిప్పి వేసుకుంది. ఇంట్లో ఉన్న ఫొటోలన్నీ, కాగితాల మీదివీ ఫోన్లలోవీ, అన్నిటినీ అందులోకి ఎక్కించింది. అది ఒక ఏడాది పని. ఒక్కో సంవత్సరానికి ఒక్కో ఫోల్డరు. మొత్తం నాలుగు వేల పైచిలుకు. వాటన్నిటినీ దిద్దుతానంది.

"ఇంటిల్లిపాదినీ కడిగి ఆరేస్తుందట," అన్నాడు తమ్ముడు.

"కడగాల్సినవాళ్ళు ముందు మీరే," అంది ఆమె.

తమ్ముడు లిఫ్టు మెకానిక్కు. నీలం చొక్కా, జేబులో టెస్టరు, ఎప్పుడూ ఏదో ఒక హాస్యం. "ఈవిడ దిద్దిన ఫొటో గుర్తింపుకార్డు మీద వేయించుకున్నానా, గేటు దగ్గర వాడు లోపలికి రానివ్వట్లేదు. మీ తమ్ముడి కార్డుతో వచ్చారేంటండీ అంటాడు" అని ఇంటికొచ్చిన ప్రతివాళ్ళకీ చెప్పేవాడు.

వాళ్ళమ్మాయి వేరే ఊళ్ళో బ్యాంకులో పనిచేస్తుంది. సెలవుల్లో వచ్చినప్పుడు, ఫొటోలున్న ఫోల్డరుని క్లౌడుకి కలిపి వెళ్ళింది. అప్పటికి ఏదీ దిద్దలేదు. "నువ్వేం చేయక్కర్లేదమ్మా. ఇక్కడ నువ్వేది మార్చినా అదే పైకి వెళ్తుంది. నాన్న ఫోన్లో, నా ఫోన్లో, పెదనాన్న ఫోన్లో ఒకేలా కనిపిస్తాయి" అంది. మా ఇళ్ళలో దానికి మబ్బు అనే పేరు స్థిరపడింది.

తర్వాత ఆమె రోజుకు నలభై యాభై చొప్పున దిద్దుతూ పోయింది. మూడు నెలల్లో మొత్తం పూర్తయింది. పూర్తయిన రోజున కిందనుంచి కేకేసింది.

"బావగారూ, ఒక్కసారి రండి. మీ ఫోను కూడా తీసుకురండి."

వెళ్ళాను. తెర మీద నా ఫొటో ఒకటి ఉంది. నుదుటి మీద గీతల్లేవు, కళ్ళ కింద సంచుల్లేవు. పదేళ్ళు తగ్గి కూర్చున్నాను. అదే ఫొటో నా ఫోనులో తెరిచింది. అక్కడ గీతలూ ఉన్నాయి, సంచులూ ఉన్నాయి.

"చూశారా? నేను దిద్దింది పైకి పోలేదు. మరి ఈ బాణాలు రోజంతా తిరుగుతూనే ఉన్నాయి కదండీ?"

తెర మూలన చిన్న మబ్బు బొమ్మ, దాని చుట్టూ రెండు బాణాలు గుండ్రంగా తిరుగుతున్నాయి. మూడు నెలలుగా అవి తిరుగుతూనే ఉన్నాయట. తిరుగుతున్నాయి కాబట్టి పని జరుగుతోందని ఆమె నమ్మకం.

"మోటారు తిరిగినంత మాత్రాన లిఫ్టు పైకెళ్తున్నట్టు కాదోయ్," అన్నాడు తమ్ముడు సోఫాలోంచి. "తాడు జారుతూండొచ్చు."

"మీ లిఫ్టు సంగతులు ఇక్కడొద్దు."

పుస్తకాలు చదువుతాను కాబట్టి ఇదీ చదవగలననుకుని, సహాయం అన్న చోట నొక్కి నన్ను కూర్చోబెట్టింది. "మీ దస్త్రములు సమకాలీకరించబడుచున్నవి" అని ఉంది. ఆ వాక్యాన్ని నాలుగుసార్లు చదివాను. నాకు తెలిసి సమకాలికులంటే ఒకే కాలంలో బతికినవాళ్ళు. అంటే ఫోనూ కంప్యూటరూ ఒకే కాలంలో లేవు, వాటిని ఒక కాలంలోకి తెస్తున్నారు. మరి ఏ కాలంలోకి? ఫోనులో మేమింకా మచ్చలున్న కాలంలోనే ఉన్నాం. కంప్యూటరులో అవి పోయిన కాలంలోకి వచ్చేశాం. ఇది నా ఆలోచన. సహాయం పేజీలో మాత్రం ఆ సంగతి లేదు. దాని కింద, "ఈ సమాచారం మీకు ఉపయోగపడినదా?" అని అడిగింది. లేదు అని నొక్కాను. "ధన్యవాదములు" అంది.

రెండు వారాలు అలాగే గడిచాయి. కంప్యూటరు కట్టేసి తెరిచాం. వైర్లు పీకి పెట్టాం. ఒకరోజు ఎర్రగుర్తు వచ్చింది, మర్నాడు పోయింది. ఎందుకొచ్చిందో తెలియలేదు, ఎందుకు పోయిందో అంతకన్నా తెలియలేదు. చివరికి ఒక మంగళవారం సాయంత్రం అమ్మాయి ఫోనులో దొరికింది. తల్లి స్పీకరు పెట్టింది.

"అమ్మా, కింద కుడిపక్కన గడియారం పక్కనే మబ్బు బొమ్మ ఉంటుంది, దాని మీద నొక్కు."

"గడియారం గోడ మీదుందే."

"గోడ మీద కాదమ్మా! తెర మీద. టైము చూపిస్తుంది కదా, అక్కడ."

"ఆఁ, నొక్కాను. ఏదో వచ్చింది. ఎర్రగా ఉంది."

"చదువు."

"చోటు నిండినది."

"అమ్మా, మూడు నెలల్నించీ అదే చెప్తోందా?"

"నాకేం చెప్పలేదే. తిరుగుతూ కూర్చుంది."

అసలు ఫొటోలతోనే మబ్బు నిండిపోయిందట. దిద్దినవి ఇంకా బరువైనవట. ఎక్కడానికి చోటులేక అవన్నీ గుమ్మం బయటే నిలబడి ఉన్నాయి. అమ్మాయి తన వాటాలోంచి తల్లికి కొంత చోటు కలిపింది. "రేపు పొద్దున్నించి ఎక్కుతాయి. కంప్యూటరు కట్టేయకుండా వదిలెయ్యి" అంది.

బుధవారం పొద్దున తొమ్మిదింటికి ఆమె మళ్ళీ కేకేసింది. ఈసారి గొంతులో సంతోషం ఉంది. తెర మూలన అంకె కనిపిస్తోంది: మిగిలినవి 3,860. మేం చూస్తూండగానే 3,859. పాత సంవత్సరాల నుంచి మొదలై ఒక్కొక్కటే ఎక్కుతున్నాయి. ఆమె టీ పెట్టుకొచ్చి, అంకె తగ్గుతుంటే సినిమా చూసినట్టు చూస్తూ కూర్చుంది. నేనూ కూర్చున్నాను. నిజం చెప్పాలంటే, పెద్దగా అర్థం కాకపోయినా, అంకె తగ్గడం చూస్తే మనసుకి హాయిగా ఉంటుంది.

పదకొండు దాటాక తమ్ముడు వచ్చాడు. ఆ రోజు డ్యూటీకి వెళ్ళలేదు. మెడ మీది మచ్చ చొక్కా కాలరుకి ఒరుసుకుని రెండుసార్లు రక్తం వచ్చిందని చర్మం డాక్టరు దగ్గరికి వెళ్ళాడు. చెప్పులు విడుస్తూనే మొదలుపెట్టాడు.

"అన్నయ్యా, ఇన్నాళ్ళకి నా మెడకి గిరాకీ వచ్చింది. డాక్టరమ్మ ఫొటోలడిగింది."

"ఏం ఫొటోలు?" అంది మరదలు తెర మీంచి చూపు తిప్పకుండా.

"ఇది ఎప్పట్నుంచి ఉంది అంది. ఎప్పట్నుంచో ఉందన్నాను. పెరిగిందా అంది. నా మెడ నాకెలా కనిపిస్తుందండీ, అది నావాళ్ళకి కనిపించాలి అన్నాను. అయితే పాత ఫొటోలు తెమ్మంది. మూడేళ్ళ కిందటివి, రెండేళ్ళ కిందటివి, మెడ కనిపించేవి. ఇంతే ఉందనుకో, కొన్నాళ్ళు చూద్దామంది. మారిందనుకో, వెంటనే కోసి పరీక్షకి పంపాలట. నేను రక్తం పల్చబడే మాత్రలు వేసుకుంటాను కదా, ఊరికే కత్తి పెట్టనంది. రేపు పొద్దున్నే తెమ్మంది."

"ఏం పరీక్ష?" అన్నాను.

వాడు నా వైపు చూసి, మళ్ళీ ఆమె వైపు చూసి, "ఏదో పరీక్షలే" అన్నాడు. ఆ మాటలో హాస్యం లేదు. ఏ పరీక్షో మా ముగ్గురికీ అర్థమైంది.

మరదలు నిరుటి ఫోల్డరు తెరిచింది. లిఫ్టు మిషను గదిలో వంగి నిలబడ్డ తమ్ముడు, ఎడమవైపు మెడ కెమెరాకేసి. మెడ నున్నగా ఉంది. ఇంకొకటి తెరిచింది. నున్నగా ఉంది. అంతకుముందు సంవత్సరం. ఆ ముందు సంవత్సరం. ఏ ఫొటోలో చూసినా చెవి కింద నాలుగు వేళ్ళ దూరంలో మచ్చన్నదే లేదు. ఎంత నేర్పుగా తుడిచిందంటే, అక్కడ ఒకప్పుడు ఏదైనా ఉందని ఎవరూ చెప్పలేరు.

"ఇదీ తుడిచాను," అంది. "ఇదీ. ఇదీ తుడిచాను."

"ఒక్కటైనా వదిలిపెట్టలేదా?" అన్నాను.

"వదలనండీ. నేను వదలను."

ఫోన్లలోని అసలు ఫొటోలు? అవి కంప్యూటరులోకి ఎక్కించాక, చోటు కోసమని అందరి ఫోన్లలోనూ తనే తీసేసింది. కాగితాల మీది ఫొటోలు మరీ పాతవి.

అప్పుడు నాకు గుర్తొచ్చింది. నా ముఖం మీది గీతలు ఫోనులో అలాగే ఉన్నాయి కదా!

"ఒరేయ్, నీ ఫోను తియ్యి. మబ్బులోవి చూడు. అందులో పాతవే ఉన్నాయి కదా, రెండు వారాలుగా మొత్తుకుంటున్నాం."

వాడు తీశాడు. పొరపాటున అయిదేళ్ళ కిందటి ఫోల్డరు తెరిచాడు. పార్కు బెంచీ మీద పక్కకి తిరిగి కూర్చున్నాడు. మచ్చ ఉంది. బఠాణీ గింజలో సగం, గోధుమరంగులో, మొదటిసారి చూస్తున్నట్టు చూశాం ముగ్గురం.

"ఉంది, ఉంది!" అన్నాడు వాడు, పోయిన పర్సు దొరికినవాడిలా. "నా మచ్చ నాకుంది."

ఆ మాట అంటూండగానే ఫొటో ఒక్క క్షణం మసకబారింది. మళ్ళీ తేటపడింది. బెంచీ ఉంది, చెట్టు ఉంది, మనిషి ఉన్నాడు. మచ్చ లేదు.

తమ్ముడు ఫోను దులిపి చూశాడు, అందులోంచి ఏమైనా రాలిపోయిందేమో అన్నట్టు. మరదలే ముందు గ్రహించింది. తెర మూలనున్న అంకె కేసి చూసి, "ఎక్కుతున్నాయి! నావి ఎక్కుతున్నాయి! ఆపండి!" అని అరిచింది.

మిగిలినవి 1,214.

ఎలా ఆపాలో ఎవరికి తెలుసు? రెండు వారాలు దాన్ని కదిలించడానికే తంటాలు పడ్డాం. ఆపడం గురించి ఎవరమూ చదవలేదు. ఆమె మబ్బు బొమ్మ మీద నొక్కింది, అది ఏదో పట్టిక చూపించింది, పట్టికలో ఏ మాట నొక్కితే ఏమవుతుందోనని చెయ్యి వెనక్కి తీసేసింది. "బావగారూ, మీరు చదవండి!" కళ్ళజోడు పైనే మర్చిపోయి వచ్చాను. 1,211.

"తప్పుకోండి," అన్నాడు తమ్ముడు. లిఫ్టులో మనిషి ఇరుక్కుంటే ముందు మెయిన్ ఆపేస్తారట, తర్వాతే ఆలోచన. స్విచ్చుబోర్డు కేసి నడిచాడు.

"అది ఆపేస్తే కంప్యూటరు చెడిపోతుంది!"

"చెడిపోనీ!"

"అయ్యో, నెట్టు పెట్టె! నెట్టు పెట్టె వైరు పీకండి చాలు!"

పీకాడు. వైరుతోపాటు గోడకున్న సాకెట్టు కూడా ఊడి చేతిలోకొచ్చింది. దాన్ని పట్టుకుని అలాగే నిలబడ్డాడు. అంకె 1,207 దగ్గర ఆగింది. బాణాలు మాత్రం తిరుగుతూనే ఉన్నాయి. వాటిని ఇక ఎవరం నమ్మలేదు.

అమ్మాయికి ఫోను చేశాం. ముగ్గురం ఒకేసారి మాట్లాడితే ఆమెకి ఏమీ అర్థం కాలేదు. కాసేపటికి, "అమ్మా, ఏడవకు. నాన్నా, మీరు కాసేపు ఆగండి. పెదనాన్నా, మీరొక్కరే చెప్పండి" అంది. చెప్పాను. నేను చెప్పింది నాకే సరిగ్గా బోధపడలేదు కాని, ఆమెకి బోధపడింది.

"ఎక్కేసిన వాటికి పాత ప్రతులు దొరుకుతాయో లేదో నేను చూస్తాను. మన ఖాతాలో ఆ ఏర్పాటు ఉందో లేదో తెలీదు. మిగిలిన ఫోల్డర్లలో ఇంకా పాతవే ఉంటాయి. కంప్యూటరుకి మాత్రం నెట్టు ఇవ్వకండి. నాన్న ఫోనులో దాని నెట్టు దానికే ఉంటుంది, అందులోంచి ఒక్కొక్కటే దించుకోండి."

మూడేళ్ళ కిందటివి భద్రంగా ఉన్నాయి. ఆ తర్వాతివీ ఉన్నాయి. మెడ కనిపించేవి ఏడు దొరికాయి. దించుకోవాలంటే ఒక బాణం గుర్తు నొక్కాలి. ఆ పక్కనే చెత్తబుట్ట గుర్తుంది. మరదలు ఫోను నా చేతిలో పెట్టింది.

"మీరు నొక్కండి బావగారూ. నా చెయ్యి వద్దు."

నలభై ఏళ్ళు వెంట్రుకవాసి తేడా రాకుండా పనిచేసిన చెయ్యి అది. నాదేమో కప్పు పట్టుకుంటే సాసరు మీద మోగే చెయ్యి. అయినా నేనే నొక్కాను. ఏది దిగిందో ఏది దిగలేదో తెలియక ఒక్కోదాన్నీ మూడేసిసార్లు నొక్కాను. ఏడు ఫొటోలు ఇరవై ఒకటయ్యాయి.

మర్నాడు పొద్దున ముగ్గురం డాక్టరు దగ్గరికి వెళ్ళాం. సన్నటి, తొందరలేని మనిషి. ఫొటోలు పెద్దవి చేసి చూసింది.

"దూరం ఒక్కోదాన్లో ఒక్కోలా ఉంది. పెరిగిందనిపిస్తోంది కాని, ఎంతని చెప్పలేను."

"నేను చెప్పగలనండీ," అంది మరదలు. "ఈ నాలుగింట్లో ఈయన వేసుకుంది ఒకటే డ్యూటీ చొక్కా. కాలరు గుండీ చూడండి. మూడేళ్ళ కిందట మచ్చ గుండీలో సగం లేదు. ఇందులో సగం దాటింది. నిరుటి దాంట్లో గుండీ అంత. అంచు కూడా చూడండి. ముందు గుండ్రం, తర్వాత ఇటుపక్క పాకింది."

డాక్టరు తల ఎత్తి ఆమెని చూసింది. "ఇంత బాగా ఎలా గమనించారు?"

"గమనించలేదండీ." అంది ఆమె. "తుడిచాను. మూడేళ్ళ కిందటి వాటికి కంప్యూటర్లో తుడిచే బ్రష్షు సైజు తొమ్మిది పెట్టాను. తర్వాత వాటికి చాల్లేదు, పన్నెండు పెట్టాను. నిరుటివాటికి పంతొమ్మిది. చాలకపోతే పెంచుకుంటూ పోయాను. ఎందుకు చాలట్లేదో నేను అడగలేదు."

తమ్ముడు భార్య మోచేతిని పట్టుకున్నాడు. డాక్టరు చీటీ మీద తేదీ రాసింది. ఆ తేదీ నాలుగు రోజుల్లోనే ఉంది. మాత్రలు ఎప్పుడు ఆపాలో, ఎప్పుడు మొదలుపెట్టాలో విడిగా రాసింది.

కోయడం పెద్ద పనేం కాలేదు. గంటలో బయటికొచ్చాడు. రిపోర్టు రావడానికి పది రోజులు పట్టింది. ఆ పది రోజులూ కంప్యూటరు మీద గుడ్డ కప్పే ఉంది. ఆమె వంట చేసేది, బట్టలు మడిచేది, సాయంత్రం పైకొచ్చి నా ఎదురు కుర్చీలో కూర్చునేది. ఒకరోజు అడిగింది.

"బావగారూ, నేను చూశానంటారా, చూడలేదంటారా?"

"దేన్ని?"

"మచ్చని. చూడకపోతే తుడవలేను కదా. అంచుల దాకా చూస్తేనే తుడవగలను. మరి అంత చూసినదాన్ని, ఆయనకెందుకు చెప్పలేదు? ఒకే ఇంట్లో ఉంటాం. ఎదురుగా కూర్చుని తింటాం. మనిషి మీదేమో కనిపించలేదు, తెర మీదేమో కనిపించింది. తెర మీద కనిపించింది ఆయన కాదా మరి?"

నేను చాలా పుస్తకాలు చదివాను. ఆ సాయంత్రం వాటిలో ఒక్కటీ అక్కరకి రాలేదు. "అది నీ పనమ్మా," అన్నాను చివరికి.

"పనే," అంది. ఒప్పుకున్నట్టూ లేదు, కాదన్నట్టూ లేదు.

రిపోర్టు వచ్చింది. చెడు మొదలైంది. కాని పైపొర దాటలేదు, చుట్టూ కొంచెం మంచి చర్మంతో సహా మొత్తం తీసేశామంది డాక్టరు. ఇంకో ఏడాది ఆగి ఉంటే అని ఏదో అనబోయి ఆపేసింది. ఆ వాక్యం చివర ఏముందో నేను ఊహించదలచుకోలేదు. తమ్ముడు మాత్రం ఇంటికొచ్చి, కుట్ల మీద పట్టీతో అద్దంలో పక్కకి తిరిగి చూసుకుని, "ఇక నువ్వు తుడవక్కర్లేదు, డాక్టరమ్మే తుడిచేసింది" అన్నాడు. ఆమె నవ్వలేదు. వంటింట్లోకి వెళ్ళి కుళాయి తిప్పి, చాలాసేపు కట్టలేదు.

ఆ నెలాఖరున అమ్మాయి వచ్చింది. ఎక్కిపోయిన దాదాపు మూడు వేల ఫొటోలకి పాత ప్రతులు దొరకలేదని తేల్చింది. ఎందుకు దొరకవో రెండుసార్లు వివరించింది, రెండుసార్లూ తల ఊపాను. దిగులుపడ్డది ఎక్కువగా నేనే. నా పెళ్ళినాటి కాగితం ఫొటోకి చెదపట్టింది, అందులో అప్పట్లో నా ముక్కు పక్కనుండే చిన్న గాటు ఇక ఎక్కడా లేదు. అది ఎలా పడిందో కూడా ఇప్పుడు గుర్తు రావడం లేదు. మిగిలిన పన్నెండు వందల పైచిలుకు అసలువాటిని అమ్మాయి వేరే ఫోల్డరులో పెట్టి, దాని పేరు ఏం పెట్టనని తల్లినడిగింది.

"ఏదో ఒకటి పెట్టు."

"అసలువి అని పెట్టనా?"

"దిద్దినవి నకిలీవా మరి?"

"అలా అనలేదమ్మా."

"పాతవి అని పెట్టు. కాదులే, అవీ ఇవీ ఒకే రోజున తీసినవే కదా." కాసేపు ఆలోచించి, "పేరు లేకుండా ఉండదా?" అంది.

పేరు లేకుండా ఉండదట. కొత్త ఫోల్డరు అని దానంతట అదే పెట్టుకున్న పేరే ఉండిపోయింది.

డాక్టరు ఇంకో పని చెప్పింది. మనిషి ఒంటి మీదున్న మచ్చలన్నిటికీ మూడు నెలలకోసారి ఫొటోలు తీయాలి. ఒకే చోట, ఒకే వెలుతుర్లో, పక్కన స్కేలు పెట్టి. ఏదీ దిద్దకూడదు. ఆ మాట అన్నప్పుడు డాక్టరు ఆమెని ప్రత్యేకంగా చూడలేదు కాని, మేం ముగ్గురం చూసుకున్నాం.

మొదటి ఫొటోలు తీసిన రోజు ఆదివారం. పదకొండు గంటల వెలుతురు బాగుందని ఆమె కిటికీ తెర పూర్తిగా పక్కకి లాగింది. తమ్ముడు చొక్కా విప్పి గోడకేసి తిరిగి నిలబడ్డాడు. ఆమె కాగితం మీద వాడి వీపు బొమ్మ గీసి, మచ్చలకి అంకెలు వేసుకుంది. ఇరవై మూడు తేలాయి. పారదర్శకంగా ఉండే చిన్న మిల్లీమీటర్ల స్కేలు నా చేతికిచ్చింది. పట్టుకోవడమూ చదవడమూ నా పని, తీయడం ఆమెది, రాసుకోవడం ఆమెదే.

"చలేస్తోందే, తొందరగా కానివ్వు. అన్నయ్యా, నా వీపు మీద లెక్కలు నేర్చుకుంటున్నారా ఏంటి ఇద్దరూ?"

"కదలకండి."

"అందంగా తియ్యి మరి."

"అందం సంగతి ఇక్కడ కాదు. ఊపిరి బిగపట్టండి. ఆఁ. బావగారూ, పదిహేడోది ఎంతుంది?"

వంగాను. స్కేలు మీద గీతలు వెంట్రుకల్లా ఉన్నాయి. మచ్చ అంచు ఒక గీత మీద ఉన్నట్టే ఉంది, దాటినట్టూ ఉంది.

"నాలుగు," అన్నాను. "ఉండు. నాలుగున్నరేమో."

"నాలుగా, నాలుగున్నరా?"

"అంచెక్కడ అయిపోతోందో తెలియడం లేదమ్మా."

ఆమె కెమెరా బల్ల మీద పెట్టి వచ్చింది. నా చేతిలోంచి స్కేలు తీసుకోలేదు. నా పక్కనే వంగి, ముఖం వాడి వీపుకి జానెడు దూరంలోకి తెచ్చి, ఒక కన్ను మూసి చూసింది. వాడి వీపు ఆమె ఊపిరికి సన్నగా వణికింది. చాలాసేపు చూసింది.

"నాకూ తెలియట్లేదు," అంది. "రెండూ రాయనా?"